మూడు ఊళ్ల పటంలో తిప్పపాళెం

గంగులయ్యకు కూర్చోవడం చేతకాదు. అన్నం కూడా నిలబడే తినేవాడు. తింటూ తింటూ గుమ్మం దాటి, ఎవరి పడవ ఎటు మళ్లిందో చూసి, మళ్లీ లోపలికి వచ్చి ఇంకో ముద్ద నోట్లో పెట్టుకునేవాడు. భార్య పోలేరమ్మ కూర గిన్నె పట్టుకుని ఆయన వెనకాలే తిరిగి తిరిగి విసిగిపోయి, "నీ కాళ్ల కింద ఎవురన్నా నిప్పులు పోసినారా ఏందయ్యా?" అని అడిగేది. జవాబు చెప్పాలన్నా ఆ మనిషి ఒకచోట ఆగాలి కదా.

ఆయన ఊరు తిప్పపాళెం. చిట్టమూరుకు తూర్పుగా, పులికాటు సరస్సు అంచున ఉంటుంది. తొంభై గడపలు, అన్నీ చేపలు పట్టే ఇళ్లే. ఊరికీ నీటికీ మధ్య అరమైలు పొడుగున ఒక ఇసుక తిప్ప. ఆ తిప్పే లేకపోతే పాళెం లేదు. ఆ రోజుల్లో వలలన్నీ నూలువి. నూలు వలను రెండు రోజులు తడిగా ముడిచిపెట్టారంటే మూడో రోజుకు వేలితో లాగినా తెగుతుంది. దానికి పొడి ఇసుక కావాలి, ఎండ కావాలి, అడ్డం లేని గాలి కావాలి. ఈ మూడూ తిప్ప మీద ఉండేవి. ఎవరు ముందొస్తే వాళ్లు వల పరిచేవారు. తగువులన్నీ నీళ్ల మీదే గానీ నేల మీద తగువన్నది ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

నీళ్ల సంగతి వేరు. సరస్సులో రొయ్యలు కదిలే దారుల్ని అక్కడ పాడులంటారు. ఒక్కో పాడుకు ఒక పేరు, ఒక ఎల్ల. దూరాన కనిపించే ఒక తాడిచెట్టును ఇంకో తాడిచెట్టుతో కలుపుకుని చూసుకుంటే ఎల్ల తెలిసిపోయేది. దసరా వెళ్లిన మర్నాడు గడపకొక తాటాకు చీటీ కుండలో వేసి, ఊళ్లో అందరికంటే పెద్ద ముసలామె చేత తీయించేవారు. చీటీ వచ్చిన వరుసను బట్టి ఆ ఏడు ఎవరికి ఏ పాడో తేలేది. తండ్రి చీటీ కొడుకుది. చీటీ ఉన్నవాడికి సొంత వల, సొంత పడవ, నలుగురిలో మాట. లేనివాడు ఇంకొకడి పడవలో కూలికి పోవలసిందే.

యాభై తొమ్మిదిలో పాళేనికి సొంత పంచాయతీ వచ్చింది. ప్రెసిడెంటు ఎవరని అడిగితే ఊరంతా కూర్చునే ఉంది, గంగులయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆయన పేరే రాసుకున్నారు. వేళాకోళం కాదు, ఆ ఊళ్లో అడిగితే ఎవరైనా ఇదే చెబుతారు. చదువు లేదు, వేలిముద్రే. కానీ తిరగడంలో ఆయనను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఆ మరుసటేడు వేసవిలో పంచాయతీ సమితి నుంచి ఒక కబురు వచ్చింది. తిప్పపాళెం, దానికి పడమట ఉన్న వేములకండ్రిగ, దక్షిణాన ఉన్న సీయోనుపేట, ఈ మూడు పంచాయతీలూ కలిసి కూర్చుని, మూడు ఊళ్ల భూమికీ కలిపి ఒకే పటం వేసుకోవాలి. ఎక్కడ పంట, ఎక్కడ మేత, మురుగు కాలువ ఎటు పోవాలి, రోడ్డు ఎటు రావాలి, చెట్లు ఎక్కడ పెంచాలి, అన్నీ ఒక్కసారే తేల్చుకోవాలి. ఆలోచన మంచిదే. అంతకుముందు వేములకండ్రిగ వాళ్లు వాన నీళ్లు వదిలితే సీయోనుపేట ఇళ్లు మునిగేవి, సీయోనుపేట వాళ్లు గట్టు వేస్తే పాళెం దారి తెగేది. ఎవరి ఊరికి వాళ్లు మంచే చేసుకున్నారు, ముగ్గురూ చెడ్డారు.

సీయోనుపేట మిషను బడిలో సమావేశం. గ్రామసేవక్ విజయభాస్కర్ పటం గుడ్డను నాలుగు బల్లల మీద పరిచాడు. ముప్పై ఏళ్లు లేవు అతనికి. ఎండలో సైకిలు తొక్కి తొక్కి మొహం నల్లబడిపోయినా, ఓపిక మాత్రం చెక్కుచెదరలేదు. వేములకండ్రిగ ప్రెసిడెంటు మాల్యాద్రి నాయుడు తమ పొలాలు, బావులు, మేత బీళ్లు పేరుపేరునా చెప్పాడు. సీయోనుపేట ప్రెసిడెంటు పేరు సమాధానం, రిటైరైన బడిపంతులు. ఆయన తమ ఇళ్లు, ప్రార్థన గుడి, సమాధుల తోట, కాయగూరల మడులు కాగితం మీద రాసుకొచ్చి చదివాడు.

తర్వాత గంగులయ్య వంతు. ఆయన ఎటూ నిలబడే ఉన్నాడు గనక లేవాల్సిన పని లేకపోయింది. ఛాతీ విరుచుకుని పాడుల పేర్లు అందుకున్నాడు. కాకిమడుగు, దొరసాని పాడు, మూడు తాళ్ల పాడు, గవ్వల రేవు... ఏ పాడుకు ఎల్ల ఏది, ఏ నెలలో ఏ రొయ్య దిగుతుంది, తాతల నాటి నుంచి చీటీ ఎట్లా తీస్తున్నారు, ఒక గంట చెప్పాడు. బళ్లో అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు.

"బాగుంది గంగులయ్యగారూ. ఇక నేల సంగతి చెప్పండి. మీ ఊరికి నేల ఏది?" అన్నాడు విజయభాస్కర్.

గంగులయ్య నవ్వాడు. "నేలతో మాకేం పని సార్! కాళ్లు పెట్టుకోను ఇంత తావుంటే సాలు. మాదంతా నీళ్లల్లోనే ఉండాది."

అందరూ నవ్వారు. ఆయన మాటలో అబద్ధం లేదు. ఆస్తి అనే మాట వింటే పాళెంలో ఎవరికైనా మనసులో మెదిలేది నీళ్లే. వల ఆరేసుకునే ఇసుకను కూడా ఆస్తి కింద చెప్పుకోవాలని ఆయనకు తట్టలేదు. ఆ చుట్టుపక్కల చేపలు పట్టే ఏ పట్టపు ఇంటి మనిషిని నిలబెట్టి అడిగినా అదే చెప్పి ఉండేవాడు. పటంలో పాళెం ఇళ్ల వరకు గీత గీసి, ఆ పక్కన తెల్లగా మిగిలిన తిప్పను బంజరు అని రాసుకున్నారు. మూడు ఊళ్లలోని బంజరంతా సరుగుడు తోపుకు అని తీర్మానం చేశారు. విజయభాస్కర్ చదివి వినిపించాడు. బంజరంటే పల్లేరు కాయలు మొలిచే ఎక్కడిదో బీడనుకుని, గంగులయ్య అందరికంటే ముందు వేలిముద్ర వేసి, సరస్సు మీద గాలి మళ్లిందని పరుగున వెళ్లిపోయాడు.

అరవై ఒకటి శ్రావణంలో, పొద్దున్నే పోలేరమ్మ రొప్పుతూ వచ్చింది. "తిప్ప మీద కొయ్యలు పాతతా ఉండారు! మన వల మీద నుంచి తాడు లాగినారు!"

గంగులయ్య వెళ్లేసరికి తిప్ప ఈ చివర నుంచి ఆ చివరిదాకా కొయ్యలే. ఆరు అడుగులకొకటి. వానలు పడగానే గుంటకొక సరుగుడు మొక్క పెడతారట. పనివాళ్లు మంచివాళ్లే, వల తొక్కకుండా పక్కకు జరుపుతున్నారు. ఎవరు పంపారని అడిగితే, మీ మూడు పంచాయతీల తీర్మానమే అన్నారు.

సాయంత్రానికి పాళెంలో మగవాళ్లంతా ఆయన గుమ్మం ముందు చేరారు. అందరికంటే ముందు నిలబడినవాడు సొంత తమ్ముడు ముత్యాలయ్య.

"నువ్వే ఏలిముద్ర ఏసినావంట గదా అన్నా?"

గంగులయ్య అవునని తల ఊపాడు.

"వలలు యాడ ఆరేసుకోమంటావు? నీ ప్రెసిడెంటు కుర్చీ మీదనా?"

ఎవరో కొయ్యలు పీకేద్దామన్నారు. "పీకొద్దు," అన్నాడు గంగులయ్య. "ఈ పొద్దు మనం పీకితే రేపు నాయుడు కాలవ పూడుస్తాడు. సీయోనుపేటోళ్లు గట్టు ఏస్తారు. చేసింది నేను. నేనే తిరిగి సరిచేసుకొస్తా." ఆయనకు సిగ్గుగా ఉంది, ఇంటి వాళ్ల మొహం చూడలేనంత సిగ్గు. తాతలు ఒక్క పాడు ఎల్ల కూడా జరగనివ్వలేదు. తాను మాత్రం ఒక్క వేలితో తిప్ప మొత్తం ఇచ్చేశాడు.

మర్నాడు సమితి ఆఫీసుకు పోయాడు. అక్కడి ఆఫీసరు ఓపిగ్గానే విన్నాడు. "ఇది ఒక్క ఊరి తీర్మానం కాదయ్యా. ముగ్గురూ కలిసి వేసుకున్న పటం. మార్చాలంటే ముగ్గురూ మళ్లీ ఒకే మాట మీదికి రావాలి. వానలు మొదలయ్యేలోపు రావాలి, మొక్క దిగిందంటే ఇక నా చేతుల్లో లేదు," అన్నాడు.

ఆ వైపు పెద్ద వానలు ఆశ్వయుజంలో మొదలవుతాయి. శ్రావణం నుంచి ఆశ్వయుజం దాకా ఎంత టైమని! అప్పటినుంచి గంగులయ్య కాళ్లకు నిద్ర లేదు. వలకు పోవడం మానేశాడు. ఆకాశంలో ఈశాన్యాన చిన్న మబ్బు తునక కనిపించినా నడక ఇంకా జోరందుకునేది. వేరే ఊళ్లలో వాన కోసం మొక్కుకుంటుంటే ఈయన రావద్దని మొక్కుకున్నాడు.

మొదట వేములకండ్రిగ పోయాడు. మాల్యాద్రి నాయుడు ఏమీ అనకుండా ఆయన్ని నారుమడి దగ్గరకు తీసుకుపోయాడు. వంగి, దోసెడు ఇసుక తీసి గంగులయ్య చేతిలో పోశాడు.

"చూడన్నా, ఇది నీ తిప్పే. తూర్పు గాలి తోలితే నా మడిలోకొస్తాది. ఏడాదికి రెండు మడులు పూడిపోతా ఉండాయి. నాకు చెట్లు కావాల. నీ తిప్ప మీద వద్దంటే ఇంకో తావు చూపించు. ఊరికే వద్దంటే మావోళ్లు ఒప్పరు."

గంగులయ్య ఆ ఇసుకను మడిలో పడకుండా గట్టు అవతల పోశాడు. నలభై ఆరేళ్లు వచ్చినా, తన తిప్ప ఇంకొకడి అన్నంలో పడుతోందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

సీయోనుపేటలో ఇంకా కష్టమైంది. సమాధానం పంతులు బడి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన ఆయన భార్య రెబెక్కమ్మ చాట పట్టుకుని బియ్యం ఏరుతోంది. గంగులయ్య చెప్పిందంతా విని పంతులు నెమ్మదిగా అన్నాడు. "తిప్ప మీకు కావాలి. న్యాయమే. ఒక్క మాట అడుగుతా. పోయినేడు మా ఆడోళ్లు ఒడ్డు నీళ్లల్లో చేతులతో రొయ్యలు ఏరుకుంటుంటే మీవాళ్లొచ్చి గంపలు బోర్లించినారు. ఎందుకు?"

"అది మా పాడు అయ్యవారూ."

"నీళ్లు మీవే అన్నారు. మేం ఊరుకున్నాం. ఇప్పుడు నేల కూడా మీదే అంటున్నారు. మరి దేవుడు మాకేమిచ్చినట్టు?"

రెబెక్కమ్మ చాట కింద పెట్టింది. "ఆ గంపల్లో ఒకటి నాది," అంది. "బోర్లించింది నువ్వే అన్నా. నువ్వు మరిచిపోయినావేమో, నేను మర్చిపోలా."

గంగులయ్య మరిచిపోలేదు. ఆ రోజు తడిసిన చీరతో నిలబడి, జారిపోతున్న రొయ్యల్ని చేతులతో పట్టుకోబోయిన మనిషి ఆమేనని అరుగు దగ్గరకు రాగానే గుర్తుపట్టాడు, గుర్తు లేనట్టు నటించాడు. అక్కడి నుంచి ఇంటికి నాలుగు మైళ్లు. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంటూ నడిచాడు.

తర్వాతి నెల విజయభాస్కర్ పుణ్యమా అని కొంత దారి దొరికింది. ఆ కుర్రాడు సైకిలు పాళెంలో పడేసి, నాలుగు రోజులు గంగులయ్యతో కలిసి తిప్పంతా కొలిచాడు. తిప్పకు నీటి వైపు వాలు వేరు, ఊరి వైపు పడమటి వాలు వేరు. చెట్లన్నీ పడమటి వాలులో దగ్గర దగ్గరగా వేస్తే ఇసుక ఆగుతుంది, వలలకు నీటి వైపు వాలు మిగులుతుంది. మాల్యాద్రి నాయుడు స్వయంగా వచ్చి చూశాడు. తల పంకించాడు గానీ వెంటనే అడిగాడు, "ఆ వాలులో నీళ్లు నిలవవు. రెండు ఎండాకాలాలు మొక్కకు నీళ్లు ఎవురు పోస్తారు?"

"మేం పోస్తాం," అన్నాడు గంగులయ్య. "చెలమలు తవ్వి కడవలతో మోస్తాం. మేకలు మేయకుండా కూడా మేమే కాచుకుంటాం."

పాళెం ఆడవాళ్లు దీనికి ఆయన్ని ఎన్ని తిట్టారో చెప్పడానికి లేదు. కానీ ఒప్పుకున్నారు.

మిగిలింది సీయోనుపేట. వాళ్లు అడిగింది చిన్నదే, సరస్సులో ఒక చీటీ. తమ ఆడవాళ్లు ఏడాదికొక పాడు ఒడ్డున నిర్భయంగా చేతి రొయ్యలు ఏరుకునే హక్కు. పాళెం చరిత్రలో బయటివాడికి చీటీ ఇచ్చింది లేదు. గంగులయ్య ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి అడిగాడు. ఎవరూ ఒప్పుకోలేదు.

"తొంభై చీటీలు ఉండాయి. తొంభై ఒకటోది కుండలో ఏసినామంటే అందరికీ తగ్గుతాది," అన్నాడు ముత్యాలయ్య. అన్నీ న్యాయమైన మాటలే. మధ్యాహ్నం దాకా మాట్లాడారు. మబ్బు పట్టింది. సరస్సు అవతల ఉరిమింది. ఆ ఉరుము విని గంగులయ్య పెద్దల మధ్యకు వచ్చాడు.

"తొంభై ఒకటి వద్దు," అన్నాడు. "నా చీటీ తీసి వాళ్లది ఏయండి."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ముత్యాలయ్య లేచి వచ్చి అన్న చెయ్యి పట్టుకున్నాడు. "మతి పోయిందా నీకు? నాయన చీటీ అది. రేపటినుంచి నువ్వు ఎవురి పడవెక్కతావు?"

"నీ పడవే ఎక్కతా. తెడ్డేసేదానికి మనిషి వద్దా నీకు?"

ముత్యాలయ్య ఏడ్చాడు. గంగులయ్య మాత్రం ఏడవలేదు, ఏడుపుకి ఆగితే మాట వెనక్కి తీసుకుంటానేమోనని భయం వేసి సీయోనుపేట దారి పట్టాడు. పోలేరమ్మకు ఊరి ఆడవాళ్లు చెప్పారు. ఆమె ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు. మర్నాడు పొద్దున పొయ్యి వెలిగించి, "ఆ మొక్కలకు నీళ్లు మోసేదానికైనా ఒంట్లో సత్తువుండాల గదా, తిను," అంది.

దసరాకు నాలుగు రోజుల ముందు మూడు పంచాయతీలూ మళ్లీ అదే బళ్లో కలిశాయి. విజయభాస్కర్ పటంలో బంజరు అన్న మాటను కొట్టేసి, తిప్పకు నీటి వైపు వాలు తిప్పపాళెం వాళ్లు వలలు ఆరేసుకునే, పడవలు నిలుపుకునే ఉమ్మడి స్థలమని రాశాడు. పడమటి వాలు తోపు. చీటీ సంగతి సమితి కాగితంలో పట్టదు గనక సమాధానం పంతులు విడిగా తన చేతి రాతతో రాశాడు. గంగులయ్య ఈసారి ప్రతి ముక్కా రెండుసార్లు చదివించుకుని, బొటనవేలిని పటం మీద తిప్ప ఎక్కడుందో అక్కడ పెట్టి చూసుకుని, అప్పుడు ముద్ర వేశాడు. బయటికి వచ్చాక మాల్యాద్రి నాయుడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

రెండు రోజులకు వానలు మొదలయ్యాయి. కొయ్యలు పీకి పడమటి వాలులో పాతారు. దసరా మర్నాడు కుండలో చెయ్యి పెట్టిన ముసలామె తీసిన పదకొండో చీటీ సీయోనుపేటది. దొరసాని పాడు వచ్చింది. రెబెక్కమ్మ నలుగురు ఆడవాళ్లతో ఒడ్డున నిలబడి ఉంది. ఎవరూ వాళ్ల గంపల జోలికి పోలేదు. గంగులయ్య తమ్ముడి పడవలో తెడ్డు అందుకున్నాడు.

ముసురు వారం రోజులకు విడిచింది. ఆ పొద్దు మంచి ఎండ, పొడి గాలి. ముత్యాలయ్య పడవ ఒడ్డుకు చేరేసరికి పాళెం వాళ్ల వలలన్నీ తిప్ప మీద పరిచి ఉన్నాయి, ఒకదాన్నొకటి ఆనుకుని, అరమైలు పొడుగునా. తమ్ముడి తడి వల భుజాన వేసుకుని గంగులయ్య తిప్పెక్కాడు. మధ్యలో ఒకచోట ఒక వల పట్టేంత ఖాళీ ఉంది. అటూ ఇటూ వలలు ఇరుకిరుకుగా ముడుచుకుని ఉన్నాయి గానీ ఆ ఖాళీలోకి ఎవరూ జరగలేదు.

"ఇదెవురికి ఇడిసిపెట్టినారు?" అని అడిగాడు.

పక్కన పొరుగువాళ్ల వల దులుపుతున్న పోలేరమ్మ తల ఎత్తలేదు. "నీకే. పొద్దుటినుంచీ అట్నే ఉండాది. నేను చెప్పినా ఎవురూ పరచలా."

గంగులయ్య ఆ ఇసుకను చూస్తూ నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ తర్వాత కోపం వచ్చింది. "చీటీ ఇచ్చేసినాక నాకు వల యాడుండాది?" అని ఊరంతా వినేటట్టు అరిచాడు. "తడి వలలు పెట్టుకుని తావు ఖాళీగా ఇడుస్తారా? కుళ్లిపోవా?" అని తమ్ముడి వలను ఆ ఖాళీలో దింపి, ఒక కొస పోలేరమ్మ చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని మడత లేకుండా లాగడం మొదలుపెట్టాడు.